చెల్లె నన్ను చేర్చుకోని గ్రూపు

పోయిన డిసెంబరులో హనుమకొండ వెళ్లినప్పుడు, వాళ్ల టీచర్ల వాట్సాప్ గ్రూపులో నన్ను కూడా చేర్చమని మా చెల్లెను అడిగాను. తను సర్కారు ప్రైమరీ బడిలో ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్, 18 ఏళ్ల సర్వీసు. హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పనిచేసే 23 మంది టీచర్లు తమకోసం తాము పెట్టుకున్న గ్రూపు అది. అందులో అధికారులు లేరు, సంఘాల నాయకులు లేరు. మన సంఘం తరఫున ఊరి బడికి ఏదైనా చేద్దామని మనం అనుకున్నప్పుడల్లా చివరికి ఒక ప్రొజెక్టరో, నాలుగు కంప్యూటర్లో కొనిచ్చి వస్తున్నాం. లోపలికి వెళ్లి వాళ్ల మాటలు వింటే అసలు ఏం కావాలో తెలుస్తుందని నా ఆశ.

"వద్దన్నా. నువ్వొస్తే వాళ్లు మాట్లాడరు" అంది.

మనసు చివుక్కుమంది. నేనేమన్నా ఆఫీసరునా, ఎవరికన్నా చెప్తానా అని అడిగాను. తను జవాబివ్వలేదు. రెండు రోజుల తర్వాత ఆ గ్రూపులో జరిగిన ఒక్క సంభాషణను మాత్రం, అవతలి సారును అడిగి, ఆయన సరేనన్నాక నాకు చూపించింది.

రాత్రి ఎనిమిదిన్నరకు చెల్లె పెట్టిన మెసేజ్: "ఐదో తరగతి. 1/2 + 1/3 ఇస్తే 14 మందిలో 12 మంది 2/5 అని రాసిన్రు. నాలుగు రోజుల నుంచి చెప్తున్న. క.సా.గు. తీయమంటే తీస్తున్నరు, తెల్లారి మళ్ల 2/5. నాకే చెప్పొస్తలేదేమో."

ఇరవై నిమిషాలకు కాటారం వైపు పనిచేసే ఒక సారు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "మేడం, మధ్యాహ్న భోజనానికి గుడ్లొచ్చే అట్టలుంటయి గదా, ఖాళీది ఒకటి తీసుకోండి. వరుసకు ఐదు, మొత్తం ఆరు వరుసలు, 30 గుంటలు. సగం అట్ట చింతగింజలతోటి నింపమనండి. 15 పడతయి. ఇంక మూడో వంతు నింపమనండి, అంటే 10. కలిపి 25. ఆరు వరుసలల్ల ఐదు నిండినయి, 5/6. ఇప్పుడు వాళ్లు రాసిన 2/5 ఎంతో ఇంకో అట్టల నింపమనండి. 12 వస్తయి. సగానికే 15 పెట్టినం గదా, దానికి ఇంకిన్ని కలిపితే 12 ఎట్లయితయి అని పిల్లలే అడుగుతరు. అడిగేదాక మీరేం చెప్పకండి."

మర్నాడు మధ్యాహ్నం చెల్లె ఒక ఫోటో పెట్టింది. అందులో పిల్లల ముఖాలు లేవు, అట్ట మీద గింజలు పెడుతున్న చిన్న చేతులే ఉన్నాయి. కింద ఒకటే మాట: "ఒక పిల్ల అడిగింది సార్."

గుడ్ల అట్ట ఉపాయం చాలా బాగుంది. కానీ నన్ను పట్టుకున్నది చెల్లె మెసేజ్‌లోని చివరి మాట. నాకే చెప్పొస్తలేదేమో. 18 ఏళ్లు పాఠం చెప్పిన మనిషి ఆ మాట ఎక్కడ అనగలదు? హెడ్మాస్టరు ముందు అంటుందా, తల్లిదండ్రుల ముందు అంటుందా? తన ఫోన్‌లో ఆఫీసు గ్రూపులకు కొదవ లేదు. మండలానిది ఒకటి, దగ్గరి బడులన్నీ కలిపిన కాంప్లెక్స్‌ది ఒకటి, ఒక్కో కార్యక్రమానికి ఒక్కోటి. వాటిలో పొద్దున నుంచి రాత్రి దాకా నడిచేది ఒకటే వరస: ఫార్మాట్ నింపండి, హాజరు పంపండి, ఫోటో పెట్టండి, అత్యవసరం. కింద వరసగా "ఓకే సార్", "నోటెడ్ సార్". ఒకసారి అలాంటి గ్రూపులోనే ఒక టీచర్, మా పిల్లల్లో సగం మందికి వాక్యం చదవడం రావట్లేదు, ఏం చేస్తే బాగుంటుంది అని అడిగారట. తెల్లారి సంజాయిషీ అడిగారు. ఆ తర్వాత ఆ గ్రూపులో ఎవరూ ఏమీ అడగలేదు.

మా బాపు కూడా టీచరే. 1980లలో నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో పనిచేసేవాడు. అప్పుడూ కాంప్లెక్స్ మీటింగులు ఉండేవి. దగ్గర దగ్గర బడులన్నీ ఒక హైస్కూలు చుట్టూ చేరి ఒకరికొకరు సాయపడాలన్నది 1964-66 నాటి కొఠారి కమిషన్ చెప్పిన మంచి ఆలోచన. బాపు నన్ను రెండు మూడు సార్లు వెంట తీసుకుపోయాడు. మీటింగులో రిజిస్టర్ సంతకాలు, సర్క్యులర్ చదవడం, "చర్చించడమైనది" అని రాసుకోవడం అయిపోయేది. అసలు చర్చ మాత్రం బస్టాండు పక్కన చాయ్ హోటల్లో, బస్సు వచ్చేదాకా నడిచేది. నేను మిర్చి బజ్జీ తింటూ వినేవాణ్ణి. వత్తులు పలకలేని పిల్లలతో ఒక సారు ముందు ఆ మాటను చప్పట్లు కొడుతూ విడగొట్టిస్తాడట. బాపు దాన్ని బస్సు టికెట్టు వెనకాల రాసుకున్నాడు. ఆ టికెట్టు చాలా రోజులు ఆయన జేబు డైరీలో ఉంది.

చెల్లె వాళ్ల గ్రూపు నాకు ఆ చాయ్ హోటల్‌లాగే కనిపించింది. ఇప్పుడు అలా కూర్చునే వీలు తక్కువ. ఎవరి బండి వాళ్లది, మీటింగు అయిపోగానే ఎవరి దారి వాళ్లది. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో కింద ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించారు. అప్పటిదాకా పక్క పక్క ఊళ్లలో పనిచేసినవాళ్లు నూరు కిలోమీటర్ల దూరానికి చెదిరిపోయారు. ఈ గ్రూపు పుట్టింది అప్పుడే. ఒకరినొకరు వదులుకోలేక పెట్టుకున్నారు.

ఆ మరుసటి ఏడే, 2022-23లో, సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. ఇన్నేళ్లూ తెలుగులో చెప్పిన టీచర్ ఆ పక్క పేజీని నోరారా చదవాలి. ఎలా పలకాలో తెలియదని ఎవరిని అడగాలి? ఐదుగురు టీచర్లు పొద్దున ఐదున్నరకు, వంటకు ముందు, పాఠం చదివి వాయిస్ మెసేజ్ పెట్టుకునేవాళ్లట. ఒకరు తప్పు చెప్తే ఇంకొకరు దిద్దేవారు. నాలుగు నెలలు అలా చేశారు. ఆ వాయిస్‌లు ఎవరికీ వినిపించరు. వినిపించకూడదు కూడా.

ఏటూరునాగారం వైపు ఒక టీచర్‌కు ఎదురైన సంగతి చెల్లె పేరు చెప్పకుండా చెప్పింది. ఒకటో తరగతి కోయ పిల్లవాడు "ఏరు, ఏరు" అంటుంటే వాగు దగ్గరికి పోతానంటున్నాడేమో అనుకుని, వద్దని కూర్చోబెట్టారు. వాడికి దాహమేసింది. కోయలో ఏరు అంటే నీళ్లు. గ్రూపులో ఒక కోయ సారు అది చెప్పాక ఆ టీచర్ చాలా బాధపడ్డారట. తర్వాత ఆ సారే బడిలో మొదటి నెలకు పనికొచ్చే మాటలు తన గొంతుతో రికార్డు చేసి పంపారు. తరగతి గదిలో జరిగిన పొరపాటు బయటికి చెప్పుకోగలిగితేనే ఆ రికార్డింగ్ పుట్టింది.

టీచర్లు ఏడాదికి 50 గంటలైనా వృత్తి శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. మంచిదే. కానీ పైన చెప్పినవేవీ ఆ గంటల లెక్కలోకి రావు, వాటికి సర్టిఫికెట్ ఉండదు.

తలుపులు మూసుకుని మాట్లాడుకునే గ్రూపులో జవాబుదారీ ఏముంటుందని మనలో కొందరు అడగవచ్చు. ప్రజల డబ్బుతో జీతం తీసుకునేవాళ్లు గదా అని కూడా అనవచ్చు. జవాబు చెప్పడానికి తనిఖీలున్నాయి, పరీక్షలున్నాయి, తల్లిదండ్రుల సమావేశాలున్నాయి. నేర్చుకోవడానికి వేరే చోటు కావాలి. నేను పనిచేసే చోట మా టీముకు మేనేజర్ లేని ఒక చాట్ ఉంది. నాకు తెలియనివన్నీ అక్కడే అడుగుతాను. అది లేకపోతే ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లు నిలబడేవాణ్ణి కాదు.

అయితే మూసిన గ్రూపులన్నీ మంచివని చెప్పను. గుడ్ మార్నింగులు, ఫార్వర్డులు, పీఆర్సీ (జీతాల సవరణ) పుకార్లతో నిండిపోయినవి బోలెడు. చెల్లె వాళ్లు పాఠం తప్ప వేరే మాట వద్దనుకున్నారు, రాత్రి తొమ్మిదిన్నర దాటితే మెసేజ్ పెట్టరు. పిల్లల ముఖాలు, పేర్లు పెట్టరు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. వీళ్లు చట్టం చూసి పెట్టుకున్న నియమం కాదది. మన పిల్లల ఫోటో ఎవరో ఇలా పెడితే ఊరుకుంటామా అని ఒక టీచర్ అడిగితే అందరూ ఒప్పుకున్నారు.

నాకు టెన్షన్ పెట్టేది ఇంకోటి. ఇదంతా వాట్సాప్‌లో ఉంది. ఫోన్ పోతే, స్టోరేజ్ నిండితే గుడ్ల అట్ట ఎక్కడుందో దొరకదు. అమెరికాలో టీచర్లు ఈ దెబ్బ ముందే తిన్నారు. 2007 నుంచి నింగ్ అనే సైటు మీద క్లాస్‌రూమ్ 2.0 లాంటి టీచర్ల నెట్‌వర్కులు ఎన్నో లేచాయి. 2010లో ఆ కంపెనీ ఉచిత సేవ ఎత్తేసింది. డబ్బు కట్టలేనివాళ్లు చెదిరిపోయారు. మన పిల్లల హోంవర్కు చూసుకున్న ఎడ్మోడో సైటు కూడా 2022లో మూతపడింది. ఉచితంగా ఇచ్చిన ఇంట్లో ఎన్నాళ్లుంటామో మన చేతుల్లో ఉండదు. పాఠాలు, చర్చలు పెట్టుకోవడానికి 2002 నుంచి ఉన్న మూడుల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చిన్న సర్వర్ మీద పెట్టి, తాళం చెల్లె వాళ్ల చేతికే ఇచ్చి, నెలనెలా ఖర్చు మనం పెట్టుకుంటే చాలు. ఈ పని తెలిసినవాళ్లు మన సంఘంలో ప్రతి వరసలో ఇద్దరుంటారు. ఆ సర్వర్ పెట్టిన మనిషి లోపలి మాటలు చదవనని మాట ఇవ్వాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

మనం ఇచ్చేటప్పుడు రిపోర్టు అడుగుతాం, ఫోటోలు అడుగుతాం. నాకూ ఫోటో చూస్తే తృప్తిగానే ఉంటుంది. ఈ ఒక్క పనికి మాత్రం అడగవద్దని నా విన్నపం. చూపించడం కోసం మొదలుపెట్టిన రోజు అది ఇంకో ఆఫీసు గ్రూపు అవుతుంది.

ఏం కావాలో చెప్పమని చెల్లెను వచ్చే ముందు మళ్లీ అడిగాను. 23 మందిలో సగం మంది ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదట. వచ్చే సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు హనుమకొండలో అందరూ కలవాలి. ఒక హాలు, టిఫిను, భోజనం, దూరం నుంచి వచ్చేవాళ్లకు బస్సు చార్జీలు, అంతే అడిగింది. కాటారం, మంగపేట నుంచి వచ్చేవాళ్లు తెల్లారి మొదటి బస్సు పట్టుకోవాలి. బ్యానర్ వద్దంది, సన్మానం వద్దంది. ఖర్చు పంచుకునేవాళ్లు నాకు చెప్పండి. ఆ రోజుకు నేను హనుమకొండలోనే ఉంటాను. టిఫిన్లు హాలు గుమ్మం దాకా తెచ్చిచ్చి వెనక్కి వస్తాను, అంతవరకు చెల్లె ఒప్పుకుంది.