ఎర్రబడాల్సింది ఎర్రబడదు, అక్కర్లేనిది మండిపోతుంది

ఏ పని అయింది, ఏది ఆగింది అన్నది రంగు చూడగానే తెలియాలని ఎక్సెల్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ (గడిలో ఉన్నదాన్ని బట్టి రంగు దానంతటదే మారడం) పెట్టుకున్నా. అయినవి పచ్చ, గడువు దాటినవి ఎరుపు, మిగతావి పసుపు. మూడే మూడు రూల్స్. రెండు వారాలు హాయిగా నడిచింది. తర్వాత ఎవరో నాలుగు వరసలు కాపీ చేసి మధ్యలో అతికించారు, మళ్లీ ఇంకెవరో, మళ్లీ ఇంకెవరో, చివరికి రూల్స్ మేనేజర్ తెరిచి చూస్తే ఆ మూడు కాస్తా నలభై అయి కూర్చున్నాయి, ఒక్కోటి ఒక్కో ముక్క రేంజ్‌కి! రంగులూ రూల్సూ వెంట రాకుండా వాల్యూస్ మాత్రమే పేస్ట్ చేయండి బాబూ అని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?

గడువు తేదీ ఇంకా వేయని వరసలైతే అన్నీ ఎరుపే. ఖాళీ గడిని ఎక్సెల్ సున్నా అనుకుంటుంది, సున్నా అంటే ఈరోజు కంటే చిన్నదేగా, ఇంకేం, గడువు దాటినట్టే లెక్క. (ఇది నా తప్పే, ఖాళీ గడులకి వేరే రూల్ రాసి అన్నిటికన్నా పైన పెట్టాల్సింది.)

అన్నిటికన్నా ఒళ్లు మండేది "పూర్తయింది" తర్వాత కొట్టే స్పేస్. కంటికి కనపడదు, రూల్‌కి మాత్రం అది వేరే మాట. ఫార్ములాలో డాలర్ గుర్తు (ఏ కాలమ్, ఏ వరస చూడాలో కదలకుండా పట్టి ఉంచేది) ఎక్కడ తప్పిందా అని గంటసేపు వెతుక్కున్నా. పోనీ టైప్ చేయకుండా జాబితాలోంచి ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెడదామంటే, దాని మీద కూడా పేస్ట్ చేసేస్తారు, అదీ పోతుంది. నిన్న ఒకాయన అడిగాడు, "రంగులు సరిగ్గా రావట్లేదు, నేనే చేత్తో నింపేయనా?" అని.

అప్పటికే సగం నింపేశాడు.