జీడికొమ్మ మీద డిజిటల్ తరగతి

కొండ మీది బడికి రెండో మాస్టారెందుకు, తెర మీద పాఠం చాలంటున్నారు పైవాళ్లు. అక్కడి పిల్లలు చదువులో దూసుకుపోతున్నారనడానికి ఫొటో కావాలి. అందులో పిల్లలుండాలి, తెర ఉండాలి, తెర మీద పాఠం వెలుగుతుండాలి. అది పొద్దున్నే అధికారుల గ్రూపులో పడాలి. పాఠం అర్థమైందా అని ఎవరూ అడగరు కాబట్టి ఆ టెన్షన్ లేదు.

శ్రీకాకుళం జిల్లా మందస వైపు సవర గూడేల్లో ఈ యజ్ఞం ఎలా సాగుతుందో మీకు తెలియనిదా? బడిలో సిగ్నల్ ఉండదు. గట్టెక్కి జీడితోటలోకి వెళితే ఒడిశా టవర్ జాలిపడి ఒక గీత పడేస్తుంది. మాస్టారు ముందు, పిల్లలు వెనక, ఊరేగింపు. పొడుగు కుర్రాడొకడు ఫోనుతో కొమ్మెక్కుతాడు. మిగతావాళ్లు మెడలెత్తి చూస్తారు. తెర మీద సున్నా తిరుగుతుంటుంది.

"మాస్టారూ, ఇదేటి, తిరగతానే ఉంది?"

"అదే పాఠంరా, చూడు."

ఉన్నట్టుండి తెర మీద టీచరమ్మ ప్రత్యక్షమై, ఇంట్లో సవర మాట్లాడే పిల్లల్ని పట్నం తెలుగులో "అర్థమైందా?" అంటుంది. కొమ్మ మీది కుర్రాడు అందరి తరఫునా తలూపుతాడు. కొమ్మా ఊగుతుంది. ఉన్న ఒక్క గీతా పోతుంది. టీచరమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోతుంది. అదే అదను! మాస్టారు రెండో ఫోనుతో టక్కున ఫొటో కొడతారు. అది గ్రూపుకి చేరాలంటే కుర్రాడు ఇంకో కొమ్మ పైకెక్కాలి.

2020లో కరోనాకి బడులు మూసేస్తే దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యావారధి' పాఠాలు వచ్చాయి. ఆపద్ధర్మం, తప్పు పట్టను. ఆపద పోయింది, ధర్మం మాత్రం కొండమీదే ఉండిపోయింది. ఎందుకుండదు? తెర బదిలీ అడగదు, డీఏ బకాయిలడగదు, సెలవు పెట్టదు. (అలిగి యూనియన్ ఆఫీసుకీ వెళ్లదు.)

అరవైమందిలోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసుంది. ఒక్కరితో నెట్టుకొస్తూ, రెండో మాస్టారి కుర్చీలో తెరని కూర్చోబెట్టి, దానికి ఆధునికత అని పేరు పెడతారా? గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దారిలో మాస్టారు రాలేరట, ఇంటర్నెట్ వచ్చేస్తుందట! ఆరేళ్ల పిల్ల వేలు పట్టి అక్షరం దిద్దించాలి. తమ పిల్లల్ని విశాఖలో ఏసీ బస్సెక్కించి బడికి పంపేవాళ్లే ఈ పిల్లలకి తెర చాలంటున్నారు. సిగ్గుండాలి. ఆ రెండో పోస్టు ఎప్పుడు నింపుతారు? తేదీ చెప్పండి.