రాలని చీటీలు

మా ఆఫీసులో అందరం కంప్యూటర్లోంచే చీటీలు అతికించే ఆన్‌లైన్ బోర్డు మీద ఒక పసుపు చీటీ ఉంది. "కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి" అని. ఎవరు అతికించారో తెలియదు, ఎవరితో మెరుగుపరచుకోవాలో అంతకన్నా తెలియదు. రాసినాయన ఉద్యోగం మానేసి ఏడాదైందని కొందరి అనుమానం. చీటీ మాత్రం నిన్ననే అతికించినట్టు నిగనిగలాడుతోంది.

ఈ దుస్థితికి బాధ్యులెవరని విచారిస్తే, తప్పు జిగురుదని తేలింది. 1968లో అమెరికాలో త్రీఎం కంపెనీ శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తుంటే అంటీ అంటనట్టుండే జిగురు తయారైంది. దానితో ఏం చెయ్యాలో ఏళ్ళ తరబడి ఎవరికీ తోచలేదు. 1974లో అదే కంపెనీ ఉద్యోగి ఆర్ట్ ఫ్రై, చర్చిలో పాటల పుస్తకంలో పెట్టుకున్న గుర్తు కాగితాలు జారి పడుతున్నాయని విసిగిపోయి, ఆ జిగురును గుర్తు చేసుకున్నాడు. అలా పుట్టింది, అతికించి ఊడదీసే పోస్ట్-ఇట్ చీటీ. పక్క ల్యాబులో మిగిలిన కాగితం పసుపుది కాబట్టి చీటీ పసుపైంది. 1980లో అమెరికా అంతటా అమ్మకానికొచ్చింది. ఇంత పురాణం ఎందుకంటే, శుభ్రంగా ఊడి రావడమే ఆ చీటీ వృత్తిధర్మమని మనవి చేయడానికి.

డిజిటల్ చీటీ గీసినవాళ్ళు పసుపు రంగు తెచ్చారు, చతురస్రం తెచ్చారు, కింద చిన్న నీడ కూడా వేశారు. జిగురు ఒక్కటి మర్చిపోయారు. పెళ్ళికొడుకుని తప్ప ఊరందరినీ పిలిచినట్టుంది.

పైగా బోర్డుకి అంతు లేదు. ఎటు జరిపినా ఖాళీ స్థలమే. హద్దురాయి లేని భూమి చూపిస్తే మన హైదరాబాదు జనం ఏం చేస్తారో డిజైనర్లు ముందే ఆలోచించాల్సింది. ప్రాడక్ట్ టీమ్ ఈశాన్యం మూల పట్టేసింది. టెస్టింగ్ వాళ్ళు ఎక్కడో శివార్లలో ఉన్నారు, అక్కడికి బాణం గుర్తు వేసుకుంటూ వెళ్ళాలి. ఇన్ని ఎకరాలున్నా కొత్తగా చేరిన కుర్రాడు తన చీటీని సరిగ్గా మేనేజర్ గారి చీటీ మీదే పెట్టాడు. ఆ రోజు మీటింగు అక్కడితో అయిపోయింది.

రాసినవారి పేరు దాచే సదుపాయం ఉందట. "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని రాసేది మా బృందంలో ఒక్కరే, దాచి లాభమేంటి? నచ్చిన చీటీ మీద చుక్క పెట్టడమే ఓటు; ఓటింగు ముగిసేదాకా ఎవరి చుక్క ఎక్కడ పడిందో కనబడకుండా కూడా చేశారు పాపం. మీటింగుకు ముందు టీ దగ్గరే ఆ సంగతి తేలిపోతుందని వాళ్ళకెలా తెలుస్తుంది? ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. చీటీలో ఎంత ఎక్కువ రాస్తే అక్షరాలు అంత చిన్నవైపోతాయి. ఆఫీసు జీవితాన్ని ఇంత దగ్గరగా చూసిన డిజైనరుకి నా నమస్కారం.

ఇక నా డిమాండ్. డిజిటల్ చీటీకి జిగురు పెట్టండి. అంటే, తగ్గిపోయే జిగురు. వారం రోజులు ఎవరూ ముట్టుకోకపోతే ఒక మూల లేవాలి. రెండో వారం ఒంటి కాలి మీద వేలాడాలి. మూడో వారం ఏసీ గాలికి రాలినట్టు రాలి, బోర్డు అడుగున పడాలి. పొద్దున్నే వచ్చినవాళ్ళు ఊడవాలి. ఊడ్చేటప్పుడు ఒకసారైనా చదువుతారు కదా, ఇప్పుడు అదీ లేదు. ఒక్కొక్కటే రాలనివ్వకపోతే గోడతో సహా పోతాయి: ఇలాంటి ఆన్‌లైన్ బోర్డే అయిన గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31న మూతపడినప్పుడు చీటీలన్నీ కదలని పీడీఎఫ్‌లైపోయాయి. మమ్మీల్లాగా.

మా మేనేజర్ గారికి ఈ ఆలోచన నచ్చలేదు. "అన్నీ రాలిపోతే మనం ఇన్నాళ్ళూ పనిచేశామని రుజువేంటండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మా రుజువులు మొత్తం ఆ బోర్డు మీదే ఉన్నాయి.

అయినా పట్టు వదలకుండా ఈ డిమాండ్‌ని చీటీగా రాసి బోర్డు మీద పెట్టాను. నాలుగు నెలలైంది. ఆరు చుక్కలు పడ్డాయి, రెండు చప్పట్ల బొమ్మలు కూడా. పక్కనే ఎవరో గులాబీ రంగు చీటీ అతికించారు: "మంచి పాయింట్. వచ్చే వారం మాట్లాడదాం."