ధాతువులతో మనకేటి పని

మా మేనల్లుడికి ఇంటర్ కాలేజీవాళ్లు సంస్కృత క్రియాపదాల మీద మూడు గళ్ల జిరాక్సు కాగితం ఒకటి ఇచ్చారు. మొదటి గడిలో దేవనాగరి, రెండో గడిలో తెలుగు లిపి, మూడో గడిలో ఇంగ్లీషు అక్షరాలు. అర్థానికి గడి లేదు.

ఎంత దూరదృష్టో చూడండి. ఇంగ్లండులో లాటిన్ చదివే కుర్రాళ్లు పాపం అమో, అమాస్, అమత్ అని వల్లించి, అందులో ప్రేమించినవాడు నేనా, నువ్వా, వాడా అని జుట్టు పీక్కుంటారు. ఆ బాధ మా విజయనగరం పిల్లలకు లేదు. అర్థమే తీసేస్తే అనువాదంలో తప్పు ఎక్కడినుంచి వస్తుంది?

మావాడిది ఇంగ్లీష్ మీడియం కనక మూడో గడే వాడి వేదం. రాత్రి భోజనాలయ్యాక కాగితం మోకాలి మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊగుతాడు. "గచాటి, గచాటాహ్, గచాంటి."

వాళ్ల నాయనమ్మ చిక్కుళ్లు ఈనెలు తీస్తూ తలెత్తింది. "ఏట్రా గుంటడా, ఎవుల్ని తిడతన్నావు?"

"తిట్టడం లేదు నాయనమ్మా, లట్ లకారం, అంటే ప్రెజెంట్ టెన్స్."

నేను ఊరుకోవచ్చు కదా. "గచ్ఛతి అంటే ఏమిట్రా?" అన్నాను.

"ఫస్ట్ పర్సన్ సింగులర్ మావయ్యా."

"అంటే వెళ్లేది ఎవరు?"

"ఫస్ట్ పర్సన్ అంటే ఐ కదా. నేనే."

సంస్కృతంలో ప్రథమ పురుష అంటే వాడు. నేను అనేవాడు ఉత్తమ పురుషలో, వరస చివర ఉంటాడు. కాగితం తయారుచేసిన పండితుడు 'ప్రథమ'ని 'ఫస్ట్' చేసి చేతులు దులుపుకున్నాడు. దాంతో కాళిదాసు నాటకంలో ఎవడు నడిచి వెళ్లినా మా ఇంట్లో మావాడే వెళ్తున్నాడు. ఇక 'గచ్ఛతః' అంటే ఇద్దరు వెళ్తున్నారట, ఆ రెండోవాడెవడని అడిగితే హాస్టల్ రూమ్మేట్ పేరు చెప్పాడు. "ఎవులెల్తే నీకేటి, మార్కులొస్తే సాలు," అని పెద్దావిడ తీర్పు చెప్పేసింది. కాలేజీవాళ్లు ఆవిడకి వెంటనే ప్రిన్సిపాల్ ఉద్యోగం ఇవ్వాలి.

అంతవరకూ నవ్వుకున్నాను. తరవాత వాడు, "పిబతి పక్కన బ్రాకెట్లో పా అని ఉంది, ప్రింటింగ్ మిస్టేకా?" అన్నాడు. క్లాసులో అడిగాడట. "ఇంపార్టెంట్ కాదు, స్కిప్ చెయ్" అన్నారట.

ఇంపార్టెంట్ కాదా? ఆ కాగితంలో పిల్లాడు నిజంగా ఆలోచించిన చోటు అదొక్కటే! పా అన్నది ధాతువు, అంటే క్రియకి మూలరూపం. తాగడమనే పా పిబతి అవుతుంది, నిలబడడమనే స్థా తిష్ఠతి అవుతుంది, చూడడమనే దృశ్ పశ్యతి అవుతుంది. ఇలాంటి 11 ధాతువులకు సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ఒకే సూత్రంలో లెక్క తేల్చేశాడు. వర్తమానం చెప్పే లట్, ఆజ్ఞ చెప్పే లోట్, గడిచింది చెప్పే లఙ్, చెయ్యాలని చెప్పే విధిలిఙ్‌లలో వేషం మారుస్తాయి. భవిష్యత్తు చెప్పే లృట్‌కి వచ్చేసరికి పాస్యతి, స్థాస్యతి అని అసలు మొహం మళ్లీ బయటపడుతుంది. ఈ ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ గుట్టు తెలిస్తే సగం బట్టీ తగ్గిపోతుంది కదా! లక్షల ఫీజు కట్టించుకుని, అడిగిన ఒక్క ప్రశ్నకి పిల్లాడి నోరు మూయిస్తారా? సిగ్గులేదూ?

ఏ ఊళ్లో అనుకున్నారు ఇదంతా? 1860లో సంస్కృత కళాశాల వెలిసిన ఊళ్లో. తాతా సుబ్బరాయశాస్త్రిగారు వ్యాకరణం చెప్పిన ఊళ్లో. మా ఊరి ఆనందగజపతి మహారాజు డబ్బిస్తే సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ సాయణుడి వ్యాఖ్యానంతో ఋగ్వేదం రెండో కూర్పును 1890-92లో ఇంగ్లండులో అచ్చువేయించాడు. అక్కడి తెల్లవాళ్లకు మన ఊరి డబ్బుతో వేదం అందింది. ఇక్కడి పిల్లాడికి సొంత డబ్బుతో గచాటి అందింది.

పోనీ వాడి చెల్లెలినైనా తెలుగులో చేర్పిద్దామని మొన్న అదే కాలేజీ కౌంటర్ దగ్గర నిలబడ్డాను. లోపలి అమ్మాయి అప్లికేషన్లో సెకండ్ లాంగ్వేజ్ దగ్గర అప్పటికే టిక్కు పెట్టేసింది. తెలుగు కావాలమ్మా అన్నాను.

"తెలుగుకి లెక్చరర్ లేరండి. అయినా సంస్కృతం ఈజీ సార్, ఏమీ చదవక్కర్లేదు."