డ్రమ్ క్లినిక్ గారికి ఒక మాజీ రోగి విన్నపం

మహారాజశ్రీ డ్రమ్ క్లినిక్ గారి దివ్య సముఖానికి,

తిరుపతిలో పగలు టైర్ల షాపులో లెక్కలు రాస్తూ, రాత్రిళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించే తమ మాజీ రోగి నమస్కరించి వ్రాయునది ఏమనగా. ఇక్కడ నా ఎడమ చెవి తప్ప మేమంతా క్షేమం. అక్కడ తమరు క్షేమంగానే ఉంటారు. టికెట్టు డబ్బు మూణ్ణెల్ల ముందే కట్టించుకున్నవాళ్లకు క్షేమానికేం లోటు?

ముందు తమ పేరు సంగతి తేల్చాలి. లోకంలో ఇన్ని మాటలుండగా, ఒక వాద్యకారుడు జనం ముందు కూర్చుని వాయించి, ఎలా వాయించాడో విప్పి చెప్పే కార్యక్రమానికి క్లినిక్ అని ఎవరు పెట్టారండీ? వర్క్‌షాప్ అన్నా ఏ మోటారు సైకిలో రిపేరుకి ఇచ్చాడనుకుని ఊరుకునేవాళ్లు. శిబిరం అంటే రక్తదానమనుకుని మెచ్చుకునేవాళ్లు కూడా. మాది రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులున్న ఊరు. కడప నుంచి, నెల్లూరు నుంచి, అటు అరవ పల్లెల నుంచి జబ్బులు మా ఊరికి వస్తాయిగానీ, మా ఊరి జబ్బులు బయటికి పోవు. అలాంటి ఊళ్లో ఒక మనిషి "క్లినిక్ కోసం సింగపూర్ పోతున్నా" అంటే ఏమని అర్థం చేసుకోవాలి? మర్నాడు పొద్దున్నే పక్కింటావిడ హార్లిక్స్ సీసా తెచ్చి ఇచ్చింది. మా ఓనరు అడక్కుండానే అడ్వాన్సు ఇచ్చాడు. పన్నెండేళ్ల సర్వీసులో అదే మొదటిసారి.

సాయంత్రం మా మేనత్త ఫోను.

"ఏమిరా, ఏం జబ్బురా నీకు? మాకు చెప్పకుండా దాచిపెట్టినావంటనే?"

"జబ్బు కాదత్తా. డ్రమ్ క్లినిక్."

"డ్రమ్మంటే? చెవిలో ఉంటాది చూడు, అదా?"

"చెవిలోది కాదత్తా, వాయించేది. చిన్నప్పట్నుంచి నేను చూసి నేర్చుకున్నాయన ఒకాయన ఉండాడు. ఆయన వచ్చి వాయించి చూపిస్తాడు, మనం అడిగినదానికి చెప్తాడు. నా ఎడమ మణికట్టు స్పీడులో మాట వినడంలేదు. దాని గురించి అడగాల."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మా అత్త గొంతులో గొప్ప ఊరట.

"మణికట్టా! ఓరి నీ... మణికట్టుకైతే పుత్తూరు పోరా నాయనా. కట్టు కట్టిచ్చుకుంటే పదైదు దినాల్లో సరిపోతాది. పుత్తూరుండగా సింగపూరు ఏమిటికిరా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తమ దగ్గరా ఉండదు. మా అత్త అంతటితో వదల్లేదు. నేను క్షేమంగా తిరిగొస్తే ఏడుకొండలవాడికి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. ఎవరి తలో అప్పుడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ప్రయాణం ముచ్చట క్లుప్తంగా చెప్తాను. నేనెక్కాల్సిన విమానం చెన్నైలో. బస్సులో చెన్నై చేరి, తనిఖీ దగ్గర సంచి పెట్టాను. తెర మీద ఆరు పొడుగాటి పుల్లలు కనబడ్డాయి. ఏమిటవి అన్నాడు తనిఖీ చేసే ఆయన. డ్రమ్‌స్టిక్స్ అన్నాను. కూరగాయలు ఎందుకు తీసుకెళ్తున్నావన్నాడు. తప్పు ఆయనది కాదు. సాంబారు తినే దేశంలో డ్రమ్‌స్టిక్ అంటే మునక్కాయే. సంచి విప్పి, హికరీ చెక్కతో చేసిన 16 అంగుళాల పుల్లలు చూపించాను. ఆయన ఒకటి తీసి, ట్రే అంచు మీద రెండు దెబ్బలు వేసి, "బాగుంది" అని వెనక్కిచ్చాడు. ఆ రెండు దెబ్బలూ సమంగా పడ్డాయని అప్పుడు గమనించలేదు. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇక తమ వైద్యం గురించి.

నేను వెళ్లేసరికి హాలు బయట ముప్పావు వంతు బల్లలే. పుల్లలు, తోళ్లు, సింబల్సనే లోహపు పళ్లేలు, బనియన్లు. మా ఊళ్లో డాక్టరు గది పక్కనే ఆయన బావమరిది మందుల షాపు ఉన్నట్టు. వాద్యాల కంపెనీ డాక్టర్ని పిలిపిస్తుంది, డాక్టరు కంపెనీ సరుకు మీద వాయిస్తాడు, రోగి బయటికొచ్చి అదే సరుకు కొంటాడు. చీటీ రాయనక్కర్లేదు. పుల్ల మీద డాక్టరు సంతకం అచ్చేసి ఉంటుంది.

పుల్లల నంబర్ల గురించి మాత్రం అక్కడే తెలుసుకున్నాను. పాత అమెరికా లెక్కలో ఎ అంటే ఆర్కెస్ట్రాకి, బి అంటే బ్యాండుకి, ఎస్ అంటే వీధిలో ఊరేగింపుకి. ఆర్కెస్ట్రాలో వాయించే నేను పదేళ్లుగా 5బి వాడుతున్నాను. పెళ్లివాళ్లు "కొంచెం మెల్లగా బాబూ" అని ఎందుకంటున్నారో సింగపూర్ పోయాక అర్థమైంది. ఈ ముక్క తెలుసుకోవడానికి కూడా సింగపూర్ అక్కర్లేదనుకోండి.

సింబల్ ఒకటి చూపుడువేలితో మీటాను. ప్రాణం లేచొచ్చింది. నూటికి 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం, అంటే అచ్చంగా మన కంచు. 1623లో ఇస్తాంబుల్‌లో కొలిమి పెట్టిన జిల్జియన్ల కాలం నుంచి మంచి సింబల్ అంటే ఆ పాళ్లే. కంచు మోగుతుంది, కనకం మోగదు అని చిన్నప్పుడే చదువుకున్నాం. కానీ కంచుకి కట్టిన ధర చీటీ తిప్పి చూస్తే కనకమే నయమనిపించింది. మెల్లగా చేత్తో పట్టి దాని మోత ఆపేసి, ఎవరూ చూడకముందే పక్కకి జరిగాను.

లోపల ఆయన వచ్చాడు. పేరు చెప్పను. తమ తప్పులకి ఆయన్ని బాధ్యుణ్ని చేయడం నాకిష్టం లేదు. మొదట పన్నెండు నిమిషాలు ఏకబిగిన వాయించాడు. ఆ పన్నెండు నిమిషాలకైతే నా నాలుగు నెలల జీతం ఇచ్చేసినట్టే లెక్క, వాపసు అడగను. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. అక్కడ చూశానండీ తమ రోగుల్ని! ఒకడు ఆయన ముందున్న స్నేర్ డ్రమ్ము ఎన్ని అంగుళాలని అడిగాడు. అది 14 అంగుళాలని వెనక వరసకి కూడా కనబడుతోంది. ఒకడు ఏ తోలు అన్నాడు. ఒకడు పొద్దున ఏం తింటారన్నాడు. ఇంకొకడు ప్రశ్న అడగడం మానేసి తన జీవిత చరిత్ర మొత్తం చెప్పి, "థాంక్యూ" అని కూర్చున్నాడు. రోజుకి ఎన్ని గంటలు సాధన చేయాలని ఒక్కరూ అడగలేదు. జవాబు అందరికీ తెలుసు కాబట్టి, విని ఇబ్బంది పడటం ఎందుకని.

నన్ను కూడా వాళ్లలోనే కలుపుకోండి. ఈ ప్రయాణం అనుకున్నప్పటి నుంచి మూణ్ణెల్లు నేను ఏం చేశానో చెప్తా వినండి. వీసా కాగితాలు సర్దాను. ఏ వరసలో కూర్చుంటే ఆయన ఎడమ చెయ్యి బాగా కనబడుతుందో లెక్కగట్టాను. ప్రశ్నలు రాసుకోవడానికి అట్ట ఉన్న నోటుబుక్కు కొన్నాను. ఆయన వీడియోలు చూస్తూ రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్నాను. ప్రాక్టీసు ప్యాడు మీద మాత్రం ఇస్త్రీ బట్టలు పేరుకున్నాయి. అమెరికాలోని తాళవాద్యాల సంఘం 1984లో 40 ప్రాథమిక దెబ్బల జాబితా ఖాయం చేసింది. మన సరళీ స్వరాల్లాగా రోజూ చేయాల్సినవి. ఆ 40 పేర్లూ నేను గడగడా అప్పజెప్పగలను. శుభ్రంగా వాయించగలిగేవి తొమ్మిది. తమ అసలు గిరాకీ ఈ జబ్బు మీదే కదా, క్లినిక్ గారూ? సాధన ఒక్కటి తప్పించి, సాధనకి చుట్టుపక్కల ఉన్న పనులన్నీ శ్రద్ధగా చేయించే జబ్బు.

నా వంతు వచ్చింది. ఎడమ మణికట్టు గురించి నాకొచ్చిన ఇంగ్లీషులో మొరపెట్టుకున్నాను. ఆయన స్టేజి మీదికి రమ్మన్నాడు. కాళ్లలో సత్తువ పోయింది. లయకి టిక్కు టిక్కుమనే మెట్రోనోమ్‌ని నిమిషానికి 40 దెబ్బల మీద పెట్టి, దానితోపాటు ఒక్కో దెబ్బ, కుడి ఒకటి, ఎడమ ఒకటి, అంతే వాయించమన్నాడు.

దెబ్బకీ దెబ్బకీ నడుమ ఒకటిన్నర సెకను. నేను వైకుంఠం క్యూ కాంప్లెక్సులో పద్దెనిమిది గంటలు కూర్చున్నవాణ్ని. పసిపిల్లల ఏడుపుల మధ్య, పులిహోర వాసనల మధ్య, కంపార్టుమెంటు తలుపు ఎప్పుడు తీస్తారా అని గోవిందలు పెడుతూ ఓపిగ్గా గడిపినవాణ్ని. ఆ ఒకటిన్నర సెకను ఆగలేకపోయాను. ప్రతి దెబ్బా ముందే పడింది. నాలుగోసారికి హాల్లో నవ్వు వినబడింది. ఆయన నవ్వలేదు. మణికట్టులో ఏమీ లేదు, తొందరగా వచ్చేస్తున్నావు, ఆ ఖాళీని విను, ఇంటికెళ్లి ఆరు నెలలు ఇదే చెయ్యి అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను దిగొచ్చి నోటుబుక్కు తెరిచి, "ఖాళీని వినాలి" అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

గీస్తుంటే ఒకటి తట్టింది. చాలా ఏళ్ల కిందట గంగమ్మ జాతరలో పలక వాయించే పెద్దాయన ఒకాయన, ఎండుటాకుల మంట మీద పలక కాగబెట్టుకుంటూ, నన్నొకసారి కొట్టనిచ్చాడు. నేను దడదడా వాయించాను. "తొందరేల సామీ, అమ్మ యాడికీ పోదు" అన్నాడాయన. అప్పుడు నేను నోటుబుక్కులో రాసుకోలేదు. ఆయన పుల్ల మీద ఆయన పేరు అచ్చేసి లేదు కదా.

మర్నాడు విమానానికి ఇంకా టైముంటే, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి పోయాను. తిరుపతివాడు సింగపూర్ పోయి వెంకన్నని చూడటం ఏమిటని తమరు నవ్వొచ్చు. లైను లేదు, తోపులాట లేదు, జరగండి జరగండి అనేవాళ్లు లేరు. స్వామి ఎదుట పది నిమిషాలు నిలబడ్డాను. మా ఊళ్లో పుట్టి పెరిగి ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. మురుగన్ పండగ తైపూసానికి కావళ్లు బయల్దేరేది ఈ గుడి నుంచేనట. ఆ ఊరేగింపులో రోడ్డు మీద మేళం మోగడానికి దశాబ్దాల తరబడి వీల్లేదు. 2016 నుంచి మాత్రం కొన్ని నిర్ణయించిన చోట్ల వాయించనిస్తున్నారు. జాతర వారం రోజులూ కిటికీ అద్దాలు అదిరే ఊరివాణ్ని, వింటుంటే గుండె కలుక్కుమంది. మేళం లేకుండా కావడి మోసినవాళ్లు అన్నేళ్లూ అడుగు ఎలా వేశారో.

తిరిగొచ్చిన రోజు నుంచి ఎడమ చెవిలో గుయ్ మని ఒకటే మోత. మొదట పట్టించుకోలేదు. మూడు రోజులైనా తగ్గకపోతే మా వీధి చివర చెవి డాక్టరు దగ్గరికి పోయాను. అదీ క్లినిక్కే. బోర్డు మీద అలాగే రాసుంది, మోసం లేదు.

"ఎక్కడ కూర్చున్నారు?"

"మొదటి వరస సార్. స్పీకరు పక్కన."

ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించాడు. 85 డెసిబెళ్ల చప్పుడైతే ఎనిమిది గంటలు ఓర్చుకోవచ్చు. అక్కణ్నుంచి ప్రతి మూడు డెసిబెళ్లకీ ఆ టైము సగానికి సగం పడిపోతుంది. 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది పావుగంట. డ్రమ్స్ పక్కన 100 దాటడం ఒక పనే కాదు. తమరు నన్ను కూర్చోబెట్టింది రెండు గంటలు. ఆ బల్లల మీద బనియన్లు అమ్మారు, తాళం చెవులకి తగిలించే బొమ్మ డ్రమ్ములు అమ్మారు. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు నాకైతే ఎక్కడా కనబడలేదు.

"డ్రమ్ముకేమీ కాలేదు," అన్నాడు డాక్టరు. ఏ డ్రమ్మని ఒక్క క్షణం అయోమయపడ్డాను. "కర్ణభేరి బాగుంది. లోపల సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. అవి అలిసిపోయాయి. ఈసారికి తేరుకుంటాయిలే. కానీ పూర్తిగా పోతే మాత్రం మళ్లీ మొలవవు. తలవెంట్రుకలు కావవి."

ఈ విషయం మా అత్తకి చెప్పడం నా పొరపాటు.

"నేను అప్పుడే అన్లా, చెవిలో డ్రమ్మని! స్వామే కాపాడినాడు. రేపే కొండకు పోదాం."

పదిహేనేళ్లుగా పెంచుకున్న జుట్టండీ అది. మా ఆర్కెస్ట్రాలో పాటకి తగ్గట్టు ఊగే వస్తువు అదొక్కటే. కల్యాణకట్టలో టోకెను, బ్లేడు చేతికిచ్చారు. కూర్చున్నాను. గుండు గీసే ఆయన నా నెత్తిన నీళ్లు చల్లి రెండు అరచేతులతో తట్టడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నిమిషానికి 40 కాదుగానీ, ఎక్కడా ఒక్క దెబ్బ కూడా ముందుకు రాలేదు.

"ఏం మొక్కు సామీ?"

"క్లినిక్ మొక్కు."

"నయమైందా?"

"ఇంకో ఆరు నెలలు పడుతుందన్నారు."

కొండ మీద తీసిన వెంట్రుకల్ని దేవస్థానం వేలం వేస్తుందని, అవి విగ్గులై విదేశాలకి పోతాయని తమకి తెలిసే ఉంటుంది. నా జుట్టు పొడవు మంచి రకంలోకే వస్తుందని అక్కడివాళ్లు అన్నారు. కాబట్టి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, తమ తర్వాతి కార్యక్రమంలో స్టేజి మీద ఏ బట్టతల డ్రమ్మరైనా ఒత్తైన నల్లటి జుట్టుతో ఊగుతూ కనబడితే, అది వీసా లేకుండా, టికెట్టు కొనకుండా తమ క్లినిక్‌కి రెండోసారి వచ్చిన నేనేనని గుర్తించి, స్పీకరుకి కాస్త ఎడంగా కూర్చోబెట్టగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
గుండుతో, చెవిలో దూదితో,
తిరుపతి.