సీపీయూకి పూనకం

(నెల్లూరు, మూలాపేట. దసరా వెళ్ళి వారమైంది. బయట ముసురు పట్టింది. ముందు గదిలో పాత డెస్క్‌టాప్ ముందు రిటైరైన లెక్కల మాస్టారు రాఘవయ్య. వెనకాల, నడుం మీద చేతులు పెట్టుకొని ఆయన భార్య రమణమ్మ.)

రమణమ్మ: వచ్చిందా?

రాఘవయ్య: వచ్చింది.

రమణమ్మ: హమ్మయ్య.

రాఘవయ్య: పోయింది. ఉండు... మళ్ళీ వచ్చింది. నువ్వు అడగబాక, అడిగినప్పుడల్లా పోతోంది.

రమణమ్మ: రేపు చీటీ పాట. ఎవరెవరు కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో అంతా దాంట్లోనే ఉంది. నోటితో చెప్తే వింటారా వాళ్ళు?

రాఘవయ్య: అందుకే పుస్తకంలో రాసుకోమన్నా.

రమణమ్మ: అన్నది నేను. "ఇంకా పుస్తకాలేందే" అని ఎక్సెల్ నేర్పించింది మీరు.

రాఘవయ్య: (వినపడనట్టు) ట్రంకు రోడ్డు మెకానిక్‌కి ఫోన్ చేశా. మదర్‌బోర్డు పోయిందన్నాడు. ఆరు వేలవుతుందంట.

రమణమ్మ: చూడకుండానే?

రాఘవయ్య: అనుభవం.

రమణమ్మ: చిలక జోస్యం చెప్పేవాడు కూడా చిలకను బయటికి రానిచ్చి చెప్తాడండీ. వీడు అది కూడా లేకుండానా?

రాఘవయ్య: సరే, మెకానిక్ వద్దు. విండోస్ తీసేసి మళ్ళీ ఎక్కిస్తా.

రమణమ్మ: విండోస్ బొమ్మన్నా రాకముందే ఆరిపోతోంది కదా. ఇల్లే కట్టనిది, సున్నం బాగాలేదంటారేంది?

(ఈ మాటలో న్యాయముందని రాఘవయ్యకు తెలుసు. తెర మీద ఏమీ రాకముందే ఆగిపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, పెట్టెలోని సామానుది. కానీ ముప్పై ఏళ్ళు బోర్డు ముందు నిలబడిన మనిషి, అంత సులభంగా ఒప్పుకోడు.)

రాఘవయ్య: అయితే కరెంటే. 230 వోల్టులు ఉండాల్సింది ఈ వానలకు ఎగిరెగిరి పడుతోంది.

రమణమ్మ: నా ఫ్రిజ్ ఆగలేదు. ఫ్యాను ఆగలేదు. మీ టీవీ అసలే ఆగలేదు.

రాఘవయ్య: ప్రాసెసర్ వేడెక్కుతోందేమో. ఫ్యాను కింద పేస్టు ఎండిపోతే అట్టానే ఆరిపోతుంది.

రమణమ్మ: రాత్రంతా ఆపి పెట్టాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా ఇదే వరస. వేడెక్కడానికి దానికి టైమేదీ?

రాఘవయ్య: నీకు ఇవన్నీ ఎవరు చెప్పారు?

రమణమ్మ: ఎవరు చెప్పాలి? ఫ్యూజు కొట్టేస్తుంటే అన్ని స్విచ్చులూ ఆపి ఒక్కొక్కటే వేసి చూడమా? డబ్బా విప్పండి. ముందు ప్లగ్గు పీకండి!

(విప్పారు. లోపల దూది పరిచినట్టు దుమ్ము, ఒక మూల రెండు బల్లి గుడ్లు. వాటిని చూసి ఇద్దరూ కాసేపు కంప్యూటర్ సంగతి మర్చిపోయారు. ఇల్లు ఎవరు ఊడుస్తారు, ఎవరు ఊడవరు అనే విషయం మీద పెద్ద చర్చ నడిచింది. అది ఇక్కడ అనవసరం.)

రాఘవయ్య: హార్డ్ డిస్క్ వైరు తీసేశా. డీవీడీది తీసేశా. ప్రింటరు, కెమెరా, అన్నీ పీకేశా. ఈ ర్యామ్ కాళ్ళకు మకిలి పడితే పెన్సిల్ రబ్బరుతో రుద్దాలి. జాగ్రత్త, బంగారు పూత.

రమణమ్మ: బంగారమా! ఎంతుంటుంది?

రాఘవయ్య: పూతే. పల్చగా.

రమణమ్మ: మీరు నాకు చేయించినవి కూడా ఈ కంపెనీవేనా?

రాఘవయ్య: (గమ్మున రుద్ది, ర్యామ్ బిగించి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కి) తిరిగింది... తిరుగుతోంది... పోయింది. ఇంకేముంది, ఎస్ఎంపీఎస్, లోపలి సామానుకు కరెంటిచ్చే డబ్బా. దాన్నీ విప్పుతా.

రమణమ్మ: దాని జోలికి పోబాకండి! ప్లగ్గు తీసినా లోపల కరెంటు దాగుంటుందని మీరే చెప్పారు పిల్లలకి. ఇంకోసారి ఆన్ చెయ్యండి, నేను లెక్కపెడతా. ఒకటి... రెండు... మూడు... నాలుగు. పోయింది. మళ్ళీ. ఒకటి... రెండు... మూడు... నాలుగు. ఏమండీ, సిస్టమ్ హ్యాంగయితే మీరేం చేస్తారు?

రాఘవయ్య: బటన్ నొక్కి పట్టుకుంటా. ఆరిపోతుంది.

రమణమ్మ: ఎంతసేపు పట్టుకుంటారు?

రాఘవయ్య: నాలుగు సెకన్లు...

(నిశ్శబ్దం. లెక్కల మాస్టారికి లెక్క తేలింది. ఆయనకంటే ముందు ఆవిడకు తేలింది, అదే బాధ.)

రాఘవయ్య: అంటే... బటన్ ఇరుక్కుపోయి నొక్కినట్టే ఉంది!

రమణమ్మ: నొక్కి పట్టుకున్నది ఎవరో కనుక్కుందాం. ఇటు తిప్పండి. ఈ పచ్చగా గడ్డకట్టిందేంది సందులో?

రాఘవయ్య: గంధం. ఆయుధ పూజ నాడు నువ్వు పెట్టిన బొట్టు.

రమణమ్మ: నేను డబ్బా పైన పెట్టా. "ఆన్ చేసే చోట పెడితేనే శుభం" అని బటన్ మీద వేలితో మెత్తి, దాని మీద కుంకుమ అద్దింది తమరు.

రాఘవయ్య: గంధం పల్చగా కలిపింది నువ్వేగా. గట్టిగా కలిపితే సందులోకి కారేదా?

రమణమ్మ: ఆహా!

(వాదించడానికి ఇంకా చాలా సరుకుంది, కానీ చీటీ గుర్తొచ్చింది. రాఘవయ్య ప్లగ్గు తీసి, బోర్డు మీద పవర్ బటన్ వైరు పీకేసి, ఆ రెండు పిన్నులకు రీసెట్ బటన్ వైరు తగిలించాడు. ఇది మాత్రం ఆయన సొంత తెలివే, మెచ్చుకోవాలి. మిగతా వైర్లన్నీ పెట్టి, రీసెట్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. నాలుగు దాటింది. పది దాటింది. తెర వెలిగింది.)

రాఘవయ్య: చూశావా! ఆరు వేలు మిగిల్చా!

రమణమ్మ: ఎవరు?

రాఘవయ్య: ...మిగిల్చాం. ఎఫ్1 నొక్కమంటోంది, నొక్కు. ప్లగ్గు పీకేసరికి తేదీ పోయింది, అంతే.

రమణమ్మ: 2009 జనవరి 1 అంటోందేంది?

రాఘవయ్య: బోర్డులో గుండ్రటి సెల్లు ఉంటుంది, సీఆర్2032. అది అయిపోయింది. తేదీ సరిచెయ్యకపోతే బ్యాంకు సైటు కూడా తెరుచుకోదు. యాభై రూపాయలు పెడితే కొత్తది వస్తుంది.

రమణమ్మ: 2009... మా అన్న సవర బంగారం కొనమన్న ఏడు కదూ? పదిహేను వేలు కూడా లేదప్పుడు. "బంగారం ఏం చేసుకుంటాం, కంప్యూటర్ కొందాం" అన్నారు.

రాఘవయ్య: (చెప్పులు వెతుక్కుంటూ) సెల్లు తెస్తా, షాపు మూసేస్తారేమో.

రమణమ్మ: పదకొండన్నా కాలేదు. కూర్చోండి. మా అన్న ఆరోజు ఏమన్నాడంటే...