సాయంత్రం ఏడు గంటల కరెంటు

మా నాయన రాత్రి ఒంటిగంటకు లేచి, టార్చిలైటు పట్టుకొని చేనుకాడికి పోయేవాడు. అప్పట్లో మా అనంతపురం జిల్లాలో బోర్లకు కరెంటు వంతులవారీగా వచ్చేది. మా వంతు చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే. స్టార్టరు పెట్టె పక్కన వేపచెట్టుకు ఒక బల్బు కట్టి ఉండేది. అది వెలిగితే కరెంటు వచ్చినట్టు. చీకట్లో ఏ పాము మీద కాలేస్తాడోనని, ఆయన తిరిగొచ్చేదాకా అమ్మకు కునుకు పట్టేది కాదు. ఇప్పుడు అదే చేలో మా చిన్నాయన పొద్దున తొమ్మిదికి మోటరు వేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తింటున్నాడు. సేద్యానికి పగటిపూటే తొమ్మిది గంటల కరెంటు అన్న విధానం వల్ల వచ్చిన మార్పు ఇది. ఎండ కాసే వేళకే మోటర్లూ తిరిగితే సోలారు కరెంటును దాచిపెట్టే పనే ఉండదు.

ఇండియా నుంచి ఎవరొచ్చినా ఇక్కడ అమెరికాలో మన ఇళ్లలో ఈ మాట వస్తుంది: ఎండనూ గాలినీ నమ్ముకుంటే దేశం నడుస్తుందా? కరెంటు వరకు నడుస్తుందని నా నమ్మకం. అయితే అది తేలాల్సింది మధ్యాహ్నం పన్నెండుకు కాదు, సాయంత్రం ఏడుకు.

కర్నూలు నుంచి నంద్యాల దారిలో ఓర్వకల్లు దాటి లోపలికి పోతే గని, శకునాల ఊళ్ల దగ్గర సోలార్ పార్కు ఉంది. 2017లో పూర్తయింది. దాదాపు 6 వేల ఎకరాలు, 1000 మెగావాట్లు. కానీ రాత్రినీ మబ్బులనూ లెక్కలోకి తీసుకుంటే సగటున వచ్చేది అందులో నాలుగోవంతు లోపే. పత్రికల్లో లెక్కలు చదివేటప్పుడు ఈ తేడా మరిచిపోతాం. 2025లో మన దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసులతో పనిలేనిదే అయింది. గర్వపడాల్సిన సంగతే. అయినా నిజంగా తయారైన కరెంటులో సుమారు 70 శాతం ఇంకా బొగ్గుదే. పొద్దు గుంకి, ఇళ్లలో లైట్లు, ఏసీలు వేసే సమయానికి ముద్దనూరు దగ్గరున్న మన రాయలసీమ థర్మల్ లాంటి కేంద్రాలే ఆదుకుంటున్నాయి.

ఈ సాయంత్రం చిక్కుకు విరుగుడు కూడా మా సీమ కొండల్లోనే ఉంది. పాణ్యం దగ్గర పిన్నాపురంలో కొండ పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. 1680 మెగావాట్ల పథకం. నాలుగు యూనిట్లు ఖర్చుపెట్టి ఎక్కిస్తే సుమారు మూడు తిరిగొస్తాయి. ఒకసారి నింపిన నీళ్లే మళ్లీ మళ్లీ తిరుగుతాయి, ఆవిరైపోయినంత పోసుకుంటే చాలు. కరువు సీమలో అది చిన్న విషయం కాదు. నేనుండే కాలిఫోర్నియాలో ఇదే పనికి బ్యాటరీలు పెట్టారు. 2024 నాటికే వాటి సామర్థ్యం 10 వేల మెగావాట్లు దాటింది, ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కాసేపు రాష్ట్రానికి అన్నిటికంటే ఎక్కువ కరెంటు ఇచ్చింది బ్యాటరీలే. ఇక ఆషాఢమాసం గాలి సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు రాత్రిపూట కూడా తిరుగుతాయి.

కరెంటు తప్ప మిగతా ఇంధనం సంగతి వేరు. ప్రపంచం వాడే శక్తిలో కరెంటు వాటా ఐదో వంతే. కడప జిల్లా ఎర్రగుంట్ల సిమెంటు బట్టీకి 1400 డిగ్రీలు దాటిన వేడి కావాలి. అది సోలారుతో ఇప్పట్లో తేలే పని కాదు. పైగా సున్నపురాయిని కాలిస్తే ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది భూమి విషయం. మా బంధువుల ఊళ్లో ఒక కంపెనీ సోలారుకు పొలాలు కౌలుకు తీసుకుంది. పట్టా ఉన్నవాళ్లకు ఏటా డబ్బులు అందుతున్నాయి. అదే చేలల్లో చెనిక్కాయ పీకి కూలి తీసుకున్న ఆడవాళ్లకు ఏమీ లేదు. గొర్రెలు తోలుకుపోయే దారికి కంచె పడింది. “మా మేకలకు ఆ అద్దాల కింద నీడైనా ఇయ్యరప్పా” అన్నాడు ఒక పెద్దాయన, కంచె పట్టుకొని. ఇట్లాంటి ఊళ్లు రేపు ఎదురుతిరిగితే తర్వాతి పార్కుకు చోటు దొరకదు. 2030కల్లా బొగ్గు, గ్యాసులతో పనిలేని సామర్థ్యం 500 గిగావాట్లకు, అంటే 5 లక్షల మెగావాట్లకు, చేరాలన్న దేశ లక్ష్యం అక్కడే ఆగిపోతుంది.

గని లాంటి 1000 మెగావాట్ల పార్కులో ఏడాదికి సుమారు 200 కోట్ల యూనిట్లు తయారవుతాయి. యూనిట్‌కు ఒక్క పైసా పంచాయతీకి ఇవ్వాలని ఒప్పందంలోనే రాసుకుంటే ఏటా రెండు కోట్ల రూపాయలు. కూలి పోయిన ఇళ్లకూ, గొర్రెలకు వేరే బీడు చూపించడానికీ అందులోంచే ఇవ్వొచ్చు. సొంతూళ్లో పొలం ఉన్న మనలో చాలామందికి ఇలాంటి కౌలు కాగితాలు సంతకానికి వస్తున్నాయి. సంతకం పెట్టే ముందు ఆ పైసా అడగండి.